బిడ్డకు అవయవమార్పిడి : ఇంటివారిని సిద్ధపరచిన చరిత్ర

నెల్లూరు సముద్రతీరములోని మైపాడు, కోడూరు, ఇసకపల్లి, జువ్వలదిన్నె వంటి ఊళ్ళలో ఎవరికైనా పెద్ద రోగము వస్తే, జిల్లా కేంద్రములోని ఆసుపత్రి తరువాత ఎక్కడికి పోవలెనన్న ప్రశ్నకు చాలకాలము నుండి మూడు సమాధానములు ఉన్నవి. ఒకటి మదరాసు, అనగా నేటి చెన్నై. రెండవది రాయవేలూరు. మూడవది తిరుపతి. రైలు వచ్చిన నాటినుండి నెల్లూరివారికి ఈ దక్షిణపు దారి ఇంటిదారి వంటిది. చిత్రమేమంటే, మన దేశములో అవయవమార్పిడి శస్త్రచికిత్స చరిత్ర వ్రాయబూనితే ఈ మూడు ఊళ్ళ పేర్లూ అందులో వస్తవి. మూడింటిలో రెండుచోట్ల కథకు నాయకులు చిన్నపిల్లలే.

అవయవమార్పిడి అనగానే మనము శస్త్రవైద్యుని నేర్పును తలచుకొంటాము. అది సహజమే. కాని ఈ విద్యకు మరియొక చరిత్ర ఉన్నది. అది శస్త్రచికిత్స గదికి వెలుపల, వరండాలోని బల్లమీద కూర్చున్న తల్లిదండ్రుల చరిత్ర. అపెండిసైటిసుకు కోసేటప్పుడు రోగి ఒక్కడే. తండ్రి కాగితముమీద సంతకము చేస్తే చాలును. బిడ్డకు మూత్రపిండమో, కాలేయములో ముక్కో మార్చవలసి వచ్చినప్పుడు అట్లు కాదు. ఏ రోగమూ లేని మరియొక మనిషిని కూడ బల్లమీద పడుకోబెట్టి కోయవలె. లేదా ఎక్కడో మరియొక ఇంటిలో మరణము సంభవించవలె. ఇల్లంతా ఆ చికిత్సలో భాగస్వామి అవుతుంది. ఆ ఇంటిని దానికి ఎట్లు సిద్ధపరచవలెనో వైద్యులకు మొదట తెలియదు. డెబ్బది ఏండ్లలో, తప్పులు చేస్తూ, కొన్నిసార్లు న్యాయస్థానముల గడప తొక్కుతూ నేర్చుకొన్నారు.

ఈ కథ 1952 డిసెంబరులో పారిస్ నగరములో మొదలవుతుంది. మారియుస్ రెనార్ అనే పదహారేండ్ల కుర్రవాడు వడ్రంగము పని చేసేవాడు. పరంజామీదినుండి పడి అతని కుడి మూత్రపిండము చితికినది. రక్తస్రావము ఆగక దానిని తీసివేసినారు. తీసిన తరువాత తెలిసినదేమంటే, పుట్టుకతోనే అతనికి ఉన్నది ఆ ఒక్క మూత్రపిండమే! ఆ రోజులలో దీర్ఘకాలము రక్తశుద్ధి చేసే యంత్రములు లేవు. కుర్రవాని తల్లి తన మూత్రపిండము తీసి ఇమ్మని నెకేర్ ఆసుపత్రి వైద్యులను ప్రాధేయపడినది. జాన్ హాంబర్గర్ బృందము ఒప్పుకొన్నది. క్రిస్మసు ముందటి రాత్రి శస్త్రచికిత్స జరిగినది. తల్లి మూత్రపిండము కొడుకు శరీరములో వెంటనే పని మొదలుపెట్టినది. దాదాపు మూడు వారములు అందరికీ ఆశ కలిగినది. తరువాత అది ఆగిపోయినది, కుర్రవాడు దక్కలేదు.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆ తల్లిని ఎవరూ సిద్ధపరచలేదు. ఆమెయే వైద్యులను సిద్ధపరచినది. ప్రపంచములో జీవించి ఉన్న దాత ఇచ్చిన మూత్రపిండముతో జరిగిన తొలి ప్రయత్నము ఒక తల్లి పట్టుదల వలన జరిగినదే. శ్రీకాళహస్తిలో తన కన్ను తానే పెకలించి ఇచ్చిన కన్నప్ప కథ తెలిసిన మన ప్రాంతమువారికి ఈ తెగింపు కొత్తగా తోచదు. కాని కన్నప్పకు తెలియని చిక్కు ఒకటి రెనార్ శరీరములో ఉన్నది. ఇచ్చిన వస్తువును పుచ్చుకొనేవాని శరీరము అంగీకరించదు.

తోటమాలి మామిడికి అంటు కడితే కొమ్మ పట్టుకొంటుంది. మనిషి అంటు అట్లు పట్టదు. ఎందువలననో తెలిపినవాడు ఇంగ్లండుకు చెందిన పీటర్ మెడవార్. రెండవ ప్రపంచయుద్ధకాలములో కాలిన గాయములకు పరుల చర్మమును అతికించి చూడగా, అది కొద్దిరోజులకే రాలిపోయినది. అదే దాత చర్మమును రెండవమారు అతికిస్తే మరింత త్వరగా రాలినది. అనగా శరీరము మొదటి పరిచయమును జ్ఞాపకము పెట్టుకొన్నది. ఊరి తలారి కొత్త ముఖమును ఒకసారి చూసి గుర్తుపెట్టుకొని, రెండవసారి పొలిమేరలోనే అడ్డగించినట్లు, రక్తములోని తెల్లకణములు పరాయి కణజాలమును గుర్తించి దాడిచేస్తవి. మనలను మశూచినుండి, కలరానుండి కాపాడేది ఆ తలారియే. అతనిని బొత్తిగా నిద్రపుచ్చితే అంటు నిలుస్తుంది గాని, ఊరు దొంగలపాలవుతుంది. ఈ సమస్యమీద చేసిన కృషికి మెడవార్‌కు 1960లో నోబెల్ బహుమానము పంచి ఇచ్చినారు.

తలారి పొరబడే చోటు ఒకటి ఉన్నది: ఒకే అండమునుండి పుట్టిన కవలలు. 1954 డిసెంబరు 23వ తేదీన బోస్టను నగరములోని పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో జోసెఫ్ మర్రే అనే వైద్యుడు రోనాల్డ్ హెరిక్ మూత్రపిండమును అతని కవల సోదరుడైన రిచర్డుకు అమర్చినాడు. వారు నిజముగా ఒకే అండపు కవలలేనా అని తేల్చుకొనుటకు ముందుగా ఒకరి చర్మమును ఒకరికి అతికించి చూసినారు. పోలీసులచేత వ్రేలిముద్రలు కూడ తీయించినారు. దానికంటె ముఖ్యమైన పని మరియొకటి జరిగినది. వైద్యులు ఆ కుటుంబమును కూర్చోబెట్టి, దాతకు కలుగగల హానిని ఒకటొకటిగా చెప్పినారు. ఇవ్వమని తాము సలహా చెప్పలేమన్నారు. ఆ సంభాషణలో, తరువాత ఎప్పుడైనా తనకు జబ్బు చేస్తే ఆసుపత్రి చూసుకొంటుందా అని రోనాల్డు అడిగినాడట. ఎంతో న్యాయమైన ప్రశ్న! నేటికీ దాతలు అడగవలసినదీ, మొగమాటముచేత అడగక ఊరకుండేదీ ఆ ప్రశ్నయే. రిచర్డు మరి ఎనిమిదేండ్లు బ్రతికినాడు. రోనాల్డు ఒక్క మూత్రపిండముతో 2010 వరకు జీవించినాడు.

వారు పెద్దవారు, తమ మేలుకీళ్ళు తాము తెలుసుకోగలరు. మైనరు కవలలు వచ్చినప్పుడు వైద్యులు తటపటాయించినారు. తండ్రి సంతకము చేయవచ్చునా? బిడ్డకు మేలుచేసే చికిత్సకు తండ్రి ఒప్పుకోవచ్చును. రెండవ బిడ్డకు ఏ మేలూ లేని కోతకు ఒప్పుకొనే హక్కు అతనికి ఎక్కడిది? ఇద్దరూ తన బిడ్డలే గదా! 1957లో పంతొమ్మిదేండ్ల కవలల విషయములో ఈ ప్రశ్న మాసచూసెట్స్ ఉన్నత న్యాయస్థానము ముందుకు వచ్చినది. అదే ఏడు పద్నాలుగేండ్ల కవలల తగవులు కూడ వచ్చినవి. న్యాయమూర్తి మనోవైద్యుని సాక్ష్యము విన్నాడు. ఆరోగ్యముగా ఉన్న కవలతో స్వయముగా మాట్లాడించి, అతనికి విషయము తెలిసినదో లేదో చూసినాడు. రోగి చనిపోతే రెండవవాని మనస్సుకు తగిలే దెబ్బ తీరనిది, కనుక ఈ శస్త్రచికిత్స దాతకు కూడ మేలే అని తీర్పు వచ్చినది. ఈ వాదము కొంత సాగదీసినట్లు కనిపిస్తుంది, నిజమే. ఐనా దాని వలన ఒక గొప్ప ఆచారము పాదుకొన్నది. ఇచ్చేవానిని వేరుగా కూర్చోబెట్టి, ఇంటివారు వినకుండ, అతని మనస్సు తెలుసుకొనే ఆచారము అది. మన దేశపు చట్టము మరింత గట్టిది. ఇక్కడ పదునెనిమిదేండ్లు నిండనివారు, అసాధారణమైన సందర్భములలో తప్ప, జీవించి ఉండగా దాతలు కారాదు.

కవలలు లేని బిడ్డల సంగతి వేరు. 1963 మార్చి 1వ తేదీన డెన్వరు నగరములో థామస్ స్టార్జల్ మానవులలో మొదటి కాలేయమార్పిడి చేసినాడు. రోగి మూడేండ్ల పసివాడు. పుట్టుకతో పైత్యనాళములు మూసుకొనిపోయిన జబ్బు. రక్తము గడ్డకట్టక ఆ బాలుడు బల్లమీదనే మరణించినాడు. 1967లో ఒక పాపకు చేసినది ఒక సంవత్సరము పైన నిలిచినది. ఆ తరువాత కూడ చాలకాలము కాలేయము మార్చినవారిలో మూడవ వంతు మందియే ఏడాది దాటేవారు. అట్టి కాలములో తల్లిదండ్రులను సిద్ధపరచుట అనగా చావుకు సిద్ధపరచుటయే.

ఈ పరిస్థితిని మార్చినవి మట్టిలో దొరికిన మందులు. నార్వే దేశపు మట్టిలోని ఒక బూజునుండి వచ్చిన సైక్లోస్పోరిన్ అనే మందు తలారిని చంపక జోకొట్టగలదని స్విట్జర్లాండులో కనుగొన్నారు. కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ 1978లో దానిని రోగులకు వాడినాడు. 1983నాటికి అమెరికాలో అనుమతి లభించినది. మరుసటి ఏడు జపానులోని సుకుబా ప్రాంతపు మట్టినుండి టాక్రోలిమస్ బయటపడినది. ఏడాది దాటి బ్రతికేవారు మూడవ వంతునుండి నూటికి డెబ్బదికి పెరిగినారు. తల్లిదండ్రులతో మాట్లాడవలసిన మాటలు కూడ అప్పటినుండి మారినవి. చావుకు బదులు బ్రతుకును గురించి, జీవితాంతము మందు మింగే బ్రతుకును గురించి, చెప్పవలసి వచ్చినది.

ఇదే కాలములో, దీనితో సంబంధము లేనట్లు కనబడే మరియొక మార్పు ఇంగ్లండులో జరిగినది. అప్పట్లో ఆసుపత్రిలో చేరిన పిల్లలను తల్లి వారానికి ఒకటి రెండు గంటలు చూసిపోవలసినదే. తల్లి వస్తే బిడ్డ ఏడుస్తుంది, రాకపోతే ఊరకుంటుంది. ఊరకుంటే కుదుటపడినట్లే అని నర్సులు అనుకొనేవారు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు ఆసుపత్రిలో ఎనిమిది రోజులున్న రెండేండ్ల పాపను చలనచిత్రము తీసి చూపినాడు. ఆ మౌనము కుదుట కాదు, నిరాశ అని చూసినవారికి తెలిసినది. వైద్యులు మొదట మండిపడినారు. 1959లో ప్లాట్ సంఘము తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వవలెననీ, పసిపిల్లల దగ్గర తల్లి ఉండవలెననీ సిఫారసు చేసినది. అవయవము మార్పించుకొనే బిడ్డ ఆసుపత్రిలో వారాల తరబడి ఉంటుంది. ఆ సిఫారసు లేకపోతే ఈ చికిత్స పిల్లలకు శిక్షవలె ఉండేది. మన ఆసుపత్రులలో తల్లి మంచము పక్కన చాపవేసుకొని ఉండుట వెనుకనుండి ఉన్న అలవాటే. ఈ ఒక్క విషయములో మనము ఇంగ్లండుకంటె ముందున్నాము.

పసిపిల్లల కాలేయమునకు ఉన్న పెద్ద అడ్డు పరిమాణము. పెద్దవాని కాలేయము పసివాని పొట్టలో పట్టదు. పసివాని కాలేయము దొరకవలెనంటే ఒక పసివాడు చనిపోవలె. కాలేయమునకు మరే అవయవమునకు లేని గుణమొకటి ఉన్నది: కొంత కోసి తీస్తే మిగిలినది కొన్ని వారములలో మరల పెరుగుతుంది. కనుక తల్లి కాలేయములో ఎడమ ప్రక్కనున్న చిన్న భాగమును, సుమారు నాలుగవ లేక అయిదవ వంతును, బిడ్డకు ఇవ్వవచ్చును. ఈ పని 1988 చివర బ్రెజిలులో ప్రయత్నించినారు. 1989 జూలైలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనులో రస్సెల్ స్ట్రాంగ్ ఒక జపాను తల్లి కాలేయపు ముక్కను ఆమె కొడుకుకు అమర్చి విజయము సాధించినాడు. అదే ఏడు నవంబరు 27వ తేదీన చికాగోలో క్రిస్టోఫ్ బ్రోల్ష్ ఇరవైయొక్క నెలల పాపకు తల్లి కాలేయపు ముక్క అమర్చినాడు.

చికాగోవారి పని చరిత్రలో నిలిచిపోవుటకు కారణము కత్తి కాదు, కాగితము. కోయుటకు మూడు నెలల ముందే, ఆగస్టులో, తాము ఏమి చేయదలచినారో, దాతకు ఏమి అపాయము కలుగగలదో, సమ్మతి ఎట్లు తీసుకొంటారో వైద్యపత్రికలో ప్రకటించి లోకము విమర్శకు పెట్టినారు. వారిని వేధించిన ప్రశ్న ఇది. బిడ్డ చావుబ్రతుకులలో ఉన్నప్పుడు 'ఇస్తాను' అనే తల్లి మాటకు స్వేచ్ఛ ఉన్నదా? ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు, ప్రేమయే బలవంతపెట్టినది. దానికి మందు లేదు. కాని సమయము ఇవ్వవచ్చును, రెండుమార్లు అడగవచ్చును. ఈ జాగ్రత్త వృథా కాలేదు. ఆ శస్త్రచికిత్సలో తల్లి ప్లీహమునకు దెబ్బ తగిలి దానిని తీసివేయవలసి వచ్చినది. అట్టి ప్రమాదము జరుగవచ్చునని ఆమెకు ముందే తెలుసును.

ఇక మన దేశము. 1971లో రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రిలో డాక్టరు మోహనరావు, డాక్టరు కె. వి. జానీ బృందము దేశములో తొలి విజయవంతమైన మూత్రపిండమార్పిడి చేసినది. ఆ ఆసుపత్రి పేరు నెల్లూరు జిల్లా పల్లెలలో కూడ తెలియనివారు ఉండరు. మూత్రపిండముల వ్యాపారము కూడ దురదృష్టవశాత్తు మన దేశములో వెంటనే బయలుదేరినది. దానిని అరికట్టుటకు 1994లో పార్లమెంటు మానవ అవయవముల మార్పిడి చట్టము చేసినది. మరుసటి సంవత్సరము ఆంధ్రప్రదేశ్ శాసనసభ తన చట్టము తాను చేసుకొన్నది. 1994 ఆగస్టు 3వ తేదీన, ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో దేశపు మొదటి గుండెమార్పిడి చేసినవాడు మన రాజమహేంద్రవరములో పుట్టిన పనంగిపల్లి వేణుగోపాల్.

చట్టమనగానే శిక్షలు గుర్తుకు వస్తవి. ఈ చట్టములో ఉపాధ్యాయులు చదివి చూపదగిన సెక్షను ఒకటి ఉన్నది, పన్నెండవది. దాతకు, పుచ్చుకొనేవారికి కలుగగల ఫలితములు, చిక్కులు, అపాయములు అన్నీ వివరించనిదే ఏ వైద్యుడూ అవయవమును తీయరాదు, అమర్చరాదు. అనగా ఇంటివారిని సిద్ధపరచుట వైద్యుని దయ కాదు, విధి. 2011లో చట్టమును సవరించి తాతలను, అవ్వలను, మనుమలను కూడ దగ్గరి బంధువుల జాబితాలో చేర్చినారు. 2014 నిబంధనలలో, దాత స్త్రీ అయినప్పుడు మరింత జాగ్రత్త పడవలెననీ, ఆమె సమ్మతిని పుచ్చుకొనేవారు కాక వేరొకరు నిర్ధారించవలెననీ వ్రాసినారు. ఆ వాక్యము ఊరక పుట్టలేదు. మన దేశములో జీవించి ఉండి ఇచ్చేవారిలో స్త్రీలే ఎక్కువ. 'సంపాదించేవాడు మగవాడు గదా, అతనిని కోస్తే ఇల్లెట్లు గడుస్తుంది' అన్న మాట పైకి అనకపోయినా ఇంట్లో అందరికీ వినబడుతుంది.

ఆ మాటకు ఎదురుగా నిలిచిన తండ్రి ఒకడు కాంచీపురమువాడు. 1998 నవంబరులో రెండేండ్లు నిండని తన కొడుకుకు ఢిల్లీ అపోలో ఆసుపత్రిలో తన కాలేయములో కొంత భాగము ఇచ్చినాడు. దేశములో పసిబిడ్డకు జరిగిన కాలేయమార్పిడులలో తొలి విజయము అది. ఆ బిడ్డకు ఉన్నదీ డెన్వరు బాలుని జబ్బే. ముప్పదియైదేండ్ల క్రిందట బల్లమీదనే ప్రాణము తీసిన రోగమునుండి బయటపడిన ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై వైద్యవిద్య చదివి వైద్యుడైనాడు.

ఆ జబ్బును గురించి ఒక మాట చెప్పి ముందుకు పోవలె. పుట్టిన పసిపిల్లలకు కండ్లు పచ్చబడుట సామాన్యము. అది రెండు వారములు దాటినా తగ్గక, మలము సున్నమువలె తెల్లగా పోతూ ఉంటే ఆకుపసరులకు, తాయెత్తులకు పోరాదు. జపాను వైద్యుడు మోరియో కసాయ్ 1950 దశకములో కనిపెట్టిన శస్త్రచికిత్సను బిడ్డకు రెండు నెలలు నిండకముందు చేస్తే కొందరికి కాలేయము మార్చవలసిన అవసరమే రాదు, మరికొందరికి ఏండ్లు వాయిదా పడుతుంది.

గుండె విషయములో బ్రతికి ఉన్న దాత ఉండడు. అక్కడ రెండు కుటుంబములను సిద్ధపరచవలె. ఒకటి ఆశతో ఎదురుచూసే ఇల్లు. మరియొకటి ఇప్పుడే కూలిన ఇల్లు. మెదడు కాండము పూర్తిగా చచ్చిపోయినదని నలుగురు వైద్యులు, కనీసము ఆరుగంటల ఎడముతో రెండుమార్లు పరీక్షించి నిర్ధారించవలె. యంత్రము వలన రొమ్ము ఎగసిపడుతూనే ఉంటుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. 'మీ బిడ్డ చనిపోయినది' అంటే ఏ తల్లి నమ్ముతుంది? 2008 సెప్టెంబరులో చెన్నై దగ్గరి తిరుక్కళుక్కుండ్రమునకు చెందిన వైద్యదంపతుల పదునైదేండ్ల కొడుకు రోడ్డుప్రమాదములో ఈ స్థితికి వచ్చినాడు. తల్లిదండ్రులు వైద్యులగుట వలన యంత్రము చేసే మోసము వారికి తెలుసును. తామే ముందుకు వచ్చి అవయవములిచ్చినారు. గుండె తొమ్మిదేండ్ల పాపకు చేరినది. పోలీసులు దారి ఖాళీ చేయించగా ఆ గుండె నగరము దాటుటకు పట్టినది పదకొండు నిమిషములని పత్రికలు వ్రాసినవి. తమిళనాడులో అవయవదానము ఒక ఉద్యమముగా మారినది ఆ తరువాతనే. ఆంధ్రదేశములో జీవన్‌దాన్ పథకము ఈ పనికే ఏర్పడినది.

2021 అక్టోబరులో తిరుమల తిరుపతి దేవస్థానములవారు తిరుపతిలో శ్రీపద్మావతి చిన్నపిల్లల హృదయాలయమును తెరచినారు. 2023 జనవరిలో అక్కడ పదునైదేండ్ల బాలునికి మొదటి గుండెమార్పిడి జరిగినది. గుండె విశాఖపట్టణమునుండి విమానములో రేణిగుంటకు వచ్చినది. శరీరమునుండి తీసిన గుండె నాలుగుగంటలకు మించి నిలువదు. మూత్రపిండమైతే ఒక పగలు, ఒక రాత్రి ఓర్చుకొనగలదు. ఈ లెక్క ఇంటివారికి ముందే తెలిసి ఉండవలె. ఎందుకనగా పిలుపు ఏ అర్ధరాత్రియో వస్తుంది. అప్పుడు వాదులాడుకొనుటకు, జాతకము చూపించుటకు, మేనమామ రావలెనని ఆగుటకు వ్యవధి ఉండదు.

కనుక సిద్ధపరచుట శస్త్రచికిత్సకు ఎన్నో నెలల ముందే మొదలవుతుంది. రక్తవర్గము, కణజాలపు పొందిక చూస్తారు. బిడ్డ పండ్లలోని పుచ్చు తీయిస్తారు. తలారిని జోకొట్టిన తరువాత ఆ పుచ్చులోని సూక్ష్మజీవులే శత్రువులవుతవి. క్షయ ఉన్నదేమో వెదుకుతారు. తట్టు, ఆటలమ్మ వంటి వ్యాధులకు సజీవ సూక్ష్మజీవులతో చేసిన టీకాలు ముందే వేయిస్తారు, తరువాత వేయుట సాధారణముగా కుదరదు. ఇంటిలోనివారందరికీ టీకాలు సరిచూస్తారు. తల్లి దాత అయితే బిడ్డ దగ్గర ఎవరుంటారని అడుగుతారు. ఇది చిన్న ప్రశ్న కాదు. తల్లి ఒక గదిలో, బిడ్డ ఒక గదిలో, నడుమ తండ్రి ఒక్కడు. ఇంటి దగ్గర మిగిలిన పిల్లలు. అమ్మమ్మనో, పిన్నమ్మనో ముందుగా పిలిపించుకొనని ఇల్లు ఆ రెండు వారములలో చితికిపోతుంది.

బిడ్డకు ఏమి చెప్పవలె? ఇందులో మన ఇండ్లలో ఉన్న అలవాటు చాల చెడ్డది. అల్లరి చేస్తే 'డాక్టరు సూది వేస్తాడు' అని బెదిరిస్తాము. నిజముగా ఆసుపత్రికి తీసికొనిపోయినప్పుడు 'సూది లేదు, ఊరికే చూస్తాడు' అని అబద్ధమాడుతాము. నాలుగైదేండ్ల లోపు బిడ్డ జబ్బును తన తప్పుకు పడిన శిక్ష అనుకొంటుంది. కనుక అది శిక్ష కాదని పదేపదే చెప్పవలె. గుడ్డబొమ్మ పొట్టకు కట్టుకట్టి, చేతికి గొట్టము అంటించి ఆడించి చూపితే మాటలకంటె బాగుగా అర్థమవుతుంది. రెండేండ్లవానికి రెండు మూడు రోజుల ముందు చెబితే చాలును. పదేండ్లవానికి వారము ముందైనా చెప్పవలె. పదునైదేండ్లవానిని వైద్యునితో విడిగా మాట్లాడనివ్వవలె. నొప్పి ఉండదని ఎవరికీ చెప్పరాదు. నొప్పి ఉంటుంది, దానికి మందు ఉన్నదని చెప్పవలె.

రెండవ బిడ్డ ఒకటి ఉంటుంది, అందరూ మరచిపోయే బిడ్డ. అన్నకు పండ్లు, బొమ్మలు, చుట్టాల చూపులు. తమ్మునికి పక్కింటి అన్నము. తానే ఏదో చేయుట వలన అన్నకు జబ్బు వచ్చినదని ఆ పసివాడు లోలోపల నమ్ముతూ ఉండవచ్చును. ఉపాధ్యాయులకు ఇట్టి పిల్లవాడు తరగతిలో తటస్థపడుతాడు. మార్కులు పడిపోయినవాడు వాడే.

ఇచ్చిపుచ్చుకొన్న తరువాత పుట్టే చిక్కును అమెరికా పరిశోధకులు రెనే ఫాక్స్, జూడిత్ స్వేజీ పరిశీలించి వ్రాసినారు. అవయవము అంత పెద్ద కానుకను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఆ బరువు ఇద్దరినీ కట్టివేస్తుంది. మనకు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మూడు ఋణములు చెప్పినారు. ఇది నాలుగవది, దీనికి శ్రాద్ధము లేదు. పరీక్ష తప్పిన కొడుకుతో తల్లి ఏదో కోపములో 'ఇందుకేనా నీకు నా శరీరము కోసి ఇచ్చినది?' అంటే, ఆ మాట మందుమాత్రకంటె చేదుగా గొంతులో నిలుస్తుంది. పెరిగే వయస్సులోని పిల్లలు చాటుగా మాత్రలు మానివేయుట వలన నిలిచిన అంటు పోయిన సందర్భములు అన్ని దేశములలోను ఉన్నవి. ముఖము ఉబ్బుతుందని, వెంట్రుకలు వస్తవని, స్నేహితులు ఎగతాళి చేస్తారని మానివేస్తారు. ఇంకొక నిజము కూడ ముందే చెప్పవలసినది: మార్చిన మూత్రపిండము శాశ్వతము కాదు. పదునైదు, ఇరువది ఏండ్లు నిలిస్తే బాగుగా నిలిచినట్లు. పదేండ్ల వయస్సులో పుచ్చుకొన్న బిడ్డకు యౌవనములో మరల ఒకటి కావలసి రావచ్చును. ఆ మాట వినగానే ఇంటిలోని పెద్దలు ఎవరి మూత్రపిండమును ఇప్పుడు వాడవలె, ఎవరిది దాచవలె అని ఆలోచనలో పడుతారు. పడవలసినదే.

తీరప్రాంతపు ఇంటికి తిరిగి వచ్చిన బిడ్డకు ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని ఉన్నవి. నీళ్ళు కాచి చల్లార్చి ఇవ్వవలె. చేపలు, రొయ్యలు బాగుగా ఉడికినవే తినవలె. మూత్రపిండపు రోగికి ఎండుచేపలోని ఉప్పు రక్తపుపోటును పెంచుతుంది. అది ప్రతిపూటా కంచములో ఉండే ఇంట్లో బిడ్డకొక్కనికి మానిపించుట కన్న, ఇంటివారందరూ తగ్గించుకొనుట సులభము. పంపరపనస తినరాదు. ఆ జాతి పండ్ల రసము టాక్రోలిమస్ మందును రక్తములో హద్దుమీర నిలిపివేస్తుంది. నాటుమందులు వైద్యునికి చెప్పక వాడరాదు. మందు వేళ పండ్రెండు గంటలకు ఒకమారు. ఉదయము ఎనిమిదికి వేస్తే రాత్రి ఎనిమిదికి. వేటకు పోయేవారి ఇంటిలో ప్రొద్దుకు, వేళకు కట్టుబాటు తక్కువ. గోడగడియారము ఒకటి కొనవలసి ఉంటుంది.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు నెల్లూరు దగ్గరి పడుగుపాడులో రైలుకట్ట కొట్టుకొనిపోయినది, కోవూరు ప్రాంతములో జాతీయ రహదారికి గండిపడినది. చెన్నైకి పోయే దారి అనుకొన్నదే లేకుండ పోయినది. 2015 నవంబరులో కూడ ఈ జిల్లాలో అంతటి వానలు కురిసినవి. ఈశాన్యఋతుపవనము ఏటేటా అక్టోబరులో ఈ తీరమును తాకుతుంది. టాక్రోలిమస్ ప్రతి మందుల అంగడిలోను దొరికేది కాదు; కొద్ది రోజులు తప్పితే తలారి మేలుకొంటాడు. అందుచేత ఇట్టి ఇంట్లో సెప్టెంబరు నెలాఖరుకే కనీసము మూడు వారములకు సరిపోయే మాత్రలు తెచ్చి, నీరు చొరని డబ్బాలో పోసి, దానితోపాటు మందుల పేర్లు, మోతాదులు, ఆసుపత్రి టెలిఫోను నంబరు వ్రాసిన కాగితము పెట్టి, అటకమీద ఉంచుకోవలె. తుఫాను కేంద్రమునకు తరలిపోవలసి వస్తే మొదట చంకన పెట్టుకొనేది బిడ్డను, రెండవది ఆ డబ్బాను.